వెనక లేచిన కారవాన్

కొవ్వూరు పోలీస్ స్టేషన్లో తెచ్చిచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది. వెంకటదుర్గ దాన్ని ముట్టలేదు. కుర్చీలో కూర్చుంది, లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. బల్ల వెనకున్న రైటరు ఆవిడ వంక ఓసారి, గోడ గడియారం వంక ఓసారి చూసి తల దించుకున్నాడు.

కుదురుగా కూర్చునే వ్యవహారం కాదు మరి. సాయంత్రానికల్లా మెకానిక్ ఐజాక్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఈలోగా అతని తప్పు లేదని తేలకపోతే జైలే. పైగా రాజమండ్రి ఆసుపత్రిలో తెలివి లేకుండా పడున్న చంద్రరావు కన్నుమూస్తే, ఆ జైలు ఎన్నేళ్ళన్నది ఎవరూ చెప్పలేరు. చంద్రరావు బతికి నోరు తెరిస్తే మాత్రం కాలవ గట్టు మీద ఏం జరిగిందో ఆయనే చెబుతాడు. ఇద్దరి బతుకూ ఆ ఒక్కడి ఊపిరి మీద ఉంది.

జరిగింది ఇదీ. చంద్రరావు కొవ్వూరు పక్కన పొలాలూ, మూతబడిన ఓ రైసు మిల్లూ ఉన్న పెద్దమనిషి. అరవై దాటాక దేశం తిరగాలని బుద్ధి పుట్టి, లోపలే మంచం, వంటగది, స్నానాలగది ఉన్న కారవాన్ ఒకటి కొన్నాడు. బరువంతా వెనకే ఉండడంతో అది తోక కుంగి, గతుకొస్తే చాలు ఊగిపోయేది. ఆ రోగానికి ఐజాక్ మందు వేశాడు. వెనక ఇరుసుకీ, పైన బండిని మోసే చట్రం అయిన ఛాసిస్‌కీ మధ్య రెండు ఎయిర్ బ్యాగులు బిగించాడు. గుద్దుకున్నప్పుడు స్టీరింగులోంచి ఉబికి వచ్చేవి కావు ఇవి. గాలి నింపితే బరువుని ఎత్తిపట్టే దళసరి రబ్బరు సంచులు.

మర్నాడు పొద్దున్నే చంద్రరావు ఒక్కడూ బండి ఎలా నడుస్తుందో చూద్దామని గట్టు మీదికి తీశాడు. వంతెన దిగుడులో బండి అమాంతం కాలవలోకి పోయింది. వలలేసుకుంటున్న వాళ్ళు దూకి ఆయన్ని లాగారు. క్రేనుతో తీసిన బండిని ఆ మర్నాడు పోలీసులు చూస్తే కుడి బ్యాగు చీలి ఉంది. ఇంకేముంది, బిగించినవాణ్ణి తెచ్చి లోపలేశారు.

దుర్గను పిలిచింది ఐజాక్ భార్య ఏసమ్మ. డిటెక్టివ్‌గా బోర్డు కట్టకముందు దుర్గ ఏళ్ళ తరబడి బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న లారీలూ, తగలబడ్డ కార్లూ చూసిన మనిషి. ఆ సంగతి తెలిసే ఏసమ్మ రాజమండ్రి దాకా వెతుక్కుంటూ వచ్చింది. "మా ఆయన నోరు మంచిది కాదండి. చెయ్యి మాత్రం మంచిది," అని ఒక్కటే మాట చెప్పి గుమ్మంలో నిలబడిపోయింది.

అందులో మొదటి సగం నిజమేనని దుర్గకు లాకప్ దగ్గర తెలిసిపోయింది. ఐజాక్ ఊచలు పట్టుకుని, గోదావరికి ఇటూ అటూ ఈ బ్యాగులు బిగించడం తనకి తప్ప ఎవడికి వచ్చని, సీఐ గారి జీపు క్లచ్ కూడా తన దయవల్లే నడుస్తోందని మొదలుపెట్టాడు. వింటుంటే దుర్గకి విసుగూ వచ్చింది, జాలీ వేసింది.

"ఐజాక్ గారూ, గొప్పలు తర్వాత చెప్పుకుందాం. ఏమేం బిగించారో వరసగా చెప్పండి."

అతను కాస్త తగ్గాడు. పాత కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీలు, అలాగే ఉంచాడట. వాటికి సాయంగా రెండు వైపులా బ్యాగులు పెట్టాడట. దేని గాలిగొట్టం దానిదే. గాలి నింపాక బండి వెనక నాలుగు వేళ్ళ ఎత్తు లేచిందట. అంతకుముందు చెట్ల మీద పడే హెడ్‌లైట్లు రోడ్డు మీద పడ్డాయని చంద్రరావు గారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారట.

"లేచింది సరే. ఇరుసు దగ్గర బ్రేకు ఆయిలు వెళ్ళే రబ్బరు హోసు సంగతేంటి? ఛాసిస్ పైకెళ్తే అది బిగుసుకోదూ?"

ఐజాక్ మొహం వెలిగింది. "ఇన్ని రోజులకి తెలిసినవాళ్ళు అడిగారండి. అందుకే పాత హోసు పీకేసి పొడుగుది వేశాను. సీఐ గారికి కూడా చెప్పాను. హోసు గొడవ మాకొద్దు, బ్యాగు సంగతి చెప్పమన్నారు. రెండు బ్యాగుల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుని మరీ బిగించానండి. నా బ్యాగు పగలదు."

చివరి మాట అంటున్నప్పుడు అతని గొంతు వణికింది. గొప్పలు చెప్పే మగవాడి గొంతు వణికితే చూడ్డం కష్టం. దుర్గ మొహం తిప్పుకుని బయటికి నడిచింది.

*

బండిని స్టేషన్లో పెట్టే చోటు లేక, చంద్రరావు మిల్లు ఆవరణలోనే ఉంచారు. ఆ ఏర్పాటు చేసింది సీఐ గణేష్‌బాబు. దుర్గకూ ఆయనకూ పాత లెక్కలున్నాయి. కిందటేడు ఓ గోడౌను తగలబడితే కరెంటు వైర్ల మీద తోసి ఆయన ఫైలు మూసేశాడు. దుర్గ వెళ్ళి మనిషి అంటించాడని తేల్చింది, పేపర్లో ఆవిడ పేరు పడింది. అప్పట్నుంచి ఆవిడ కనిపిస్తే ఆయన పళ్ళతో మాత్రమే నవ్వుతాడు.

ఇద్దరూ మిల్లు చేరేసరికి గేటు దగ్గర చంద్రరావు మేనల్లుడు జానకిరామ్ కారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద ఆంజనేయస్వామి సింధూరం, కళ్ళకింద నిద్రలేమి. మేనమామ పొలాలూ, మిల్లూ చూసేది అతనే. మావయ్యని పెద్దాసుపత్రికి విశాఖపట్నం తీసుకెళ్తున్నామని, అంబులెన్సు మాట్లాడానని, రెండు మాటలకన్నా ఆగలేనని మర్యాదగానే చెప్పాడు.

దుర్గ ఆ రెండు మాటల్లోనే పని కానిచ్చింది. ప్రమాదం ముందు రాత్రి బండి ఎక్కడుందని అడిగితే ఇంటి ముందే అన్నాడు. క్రేనుతో తెచ్చాక ఆవరణలోకి ఎవరొచ్చారంటే, ఎవరూ రాలేదన్నాడు.

"నేనే కొత్త తాళం కొని వేశానండి. చెవి నా దగ్గరే ఉంది. సీఐ గారే ఉంచమన్నారు."

"మరి బండికి పూజదీ చేయించారా?"

"ఎక్కడండీ. తుని దగ్గర తలుపులమ్మ లోవ తీసుకెళ్ళి పూజ చేయించాకే ఎక్కమని అత్తయ్య మొత్తుకుంది. మావయ్య వినలేదు. ముందు నడిపి చూస్తాను, తుని తర్వాత వెళ్దామన్నారు. అందుకే ఇలా అయిందని అత్తయ్య ఒకటే ఏడుపు."

"మావయ్యగారు ఏడాదిపాటు దేశం మీద తిరిగితే ఇక్కడి పనులెవరు చూద్దామనుకున్నారు?"

"నేనే కదండీ. ఇంకెవరున్నారు?"

దుర్గ తల ఊపింది గానీ ఆ జవాబు ఆవిడకి నచ్చలేదు. పొద్దున ఆసుపత్రి వరండాలో చంద్రరావు భార్య బుల్లెమ్మ చెప్పింది వేరు. బయల్దేరేలోగా పొలాలూ, మిల్లూ బయటివాళ్ళకి కౌలుకిచ్చేసి, మేనల్లుణ్ణి వేరే దారి చూసుకోమన్నారట ఆయన. ఆ మాట అత్తకి తెలుసునన్న సంగతి మేనల్లుడికి తెలిసినట్టు లేదు.

"ఆయనకి ఎలా ఉంది?"

"పొద్దున ఓసారి కళ్ళు తెరిచారండి. పెదాలు కదిలించారు," అన్నాడు జానకిరామ్. తాళంచెవి సీఐ చేతిలో పెట్టి కారెక్కి వెళ్ళిపోయాడు.

దుర్గ చెవి కోసం చెయ్యి చాపింది. గణేష్‌బాబు దాన్ని జేబులో వేసుకున్నాడు.

"మీ పాత బీమా కంపెనీ నుంచి బండి చూడమని కాగితం తెచ్చారు కాబట్టి చూపిస్తాను మేడమ్. భోజనం చేసొచ్చి చూపిస్తాను. అప్పటిదాకా గేటు ఇవతలే ఉండండి."

"ఒక మనిషి జీవితం సాయంత్రానికి తేలిపోతుందండీ."

"నాకు మాత్రం ఆకలెయ్యదా?" అని ఆయన జీపెక్కాడు.

కావాలనే చేశాడు. దుర్గకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఆవిడ గేటు ముందు ఇటు చివరనుంచి అటు చివరకి నడిచింది. ఎండ నెత్తికెక్కింది. ఏసమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది, రెండుసార్లూ చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఊచల్లోంచి లోపలి కారవాన్ కనిపిస్తోంది, కుడి వెనక కాలు కుంటినట్టు ఒరిగి. చూడ్డానికి ఇంకేమీ లేక దుర్గ ఆ తాళాన్నే చూస్తూ నిలబడింది. కొత్త ఇత్తడి తాళం. మధ్యలో నారింజరంగు సింధూరం బొట్టు. తాళానికి కూడానా అని నవ్వుకుంది. మా ఊళ్ళవాళ్ళు సైకిలు బెల్లు కొన్నా బొట్టు పెట్టకుండా వాడరు, ఇతనేం వింత కాదని సరిపెట్టుకుంది.

సీఐ తీరిగ్గా, తాంబూలం నములుతూ వచ్చాడు.

*

"ఇదుగో మేడమ్, తనివితీరా చూడండి," అంటూ గణేష్‌బాబు బండి వెనక టార్చి వేశాడు. "కుడి బ్యాగు చీలింది. బండి ఒరిగింది. కాలవలో పడింది. ఇందులో డిటెక్టివ్ చెయ్యాల్సిన పనేముంది చెప్పండి."

దుర్గ గోనెపట్టా పరిచి, వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది. ఇరుసూ, కమాన్ కట్టలూ, గొట్టాలూ అన్నిటి మీదా కాలవ ఒండ్రు సన్నగా, బూడిదరంగులో పొరగా ఎండి ఉంది. ఎడమ బ్యాగు గాలితో గట్టిగా ఉంది. కుడిది చప్పిడిగా వేలాడుతోంది. చీలిక అరచేతి పొడుగు ఉంటుంది.

"సీఐ గారూ, ఈ బ్యాగు ఎప్పుడు చీలిందంటారు?"

"గట్టు మీద. కాలవలో పడేముందు."

"అంటే చీలిన బ్యాగుతో బండి నీళ్ళలో మునిగింది."

"మునిగింది. అయితే?"

"మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆయన విసుగ్గా వంగి, మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి చాపాడు. దుర్గ ఆయన వేళ్ళని చీలికలోకి తోసింది. బయటికి తీసిన వేళ్ళకి కొత్త రబ్బరు మీద ఉండే తెల్లపొడి తప్ప ఏమీ అంటలేదు. ఆయన వేళ్ళవంక చూసుకున్నాడు. రెండోసారి తనంతట తనే చెయ్యి పెట్టి, లోపలంతా తడిమాడు.

"బండి మొత్తం బురదే. ఈ సంచి లోపల మాత్రం బురద చుక్క లేదు," అంది దుర్గ. "నీళ్ళలోంచి తీశాక, ఆరాక, ఎవరో కత్తితో కోశారు. ఇంకో సంగతి. బ్యాగు పోతే బండి కాలవలోకి దూకదు. కింద కమాన్ కట్టలున్నాయి, వాటిమీద కూర్చుంటుంది. ఐజాక్ చెయ్యి పెట్టకముందు ఎలా ఉండేదో అలా కుంగుతుంది, అంతే. మొన్నటిదాకా అలా కుంగే తిరిగింది కదండీ ఇది."

గణేష్‌బాబు నవ్వడం మానేశాడు. కానీ ఓడిపోవడం ఆయనకి అలవాటు లేదు. "బాగానే ఉంది. మరి బండి ఎందుకు పడింది? దయ్యం తోసిందా?"

అదే దుర్గకీ కావాలి. ఆవిడ టార్చి తీసుకుని ఛాసిస్ నుంచి ఇరుసుకి దిగే బ్రేకు హోసు వెతికింది. దొరికింది. అన్నిటిలాగే దానిమీదా బురద ఉంది. అయినా ఆవిడ కళ్ళు అక్కడే ఆగిపోయాయి. పొడుగు హోసు వేశానన్నాడు ఐజాక్. ఒరిగిపోయి ఇంత కిందికి కూర్చున్న బండికి పొడుగు హోసు ఉంటే అది కింద వదులుగా వేలాడాలి. ఇది సరిగ్గా సరిపోయింది.

"మీ డ్రైవర్ని జాకీ తెమ్మనండి. ఛాసిస్ కింద పెట్టాలి, ఇరుసు కింద కాదు."

జీపు డ్రైవరు జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. బండి వెనక భాగం కిర్రుమంటూ కొద్దికొద్దిగా లేచింది. కుడి పక్క ఎడమ పక్కతో సమానం అయ్యేలోపే హోసు బావి తాడులా బిగుసుకుపోయింది. ఇంకొక్క తిప్పు తిప్పితే ఊడేలా ఉంది. దుర్గ ఆపమంది.

"చూశారుగా. బ్యాగులు పెట్టాక ఈ బండి ఉండే ఎత్తుకి ఈ హోసు అందదు. దీంతో ఐజాక్ బండిని తన షెడ్డు గేటు దాటించలేడు, చంద్రరావు గారు వంతెన దాకా వెళ్ళలేరు. ఆయన వెళ్ళినప్పుడు ఉన్నది వేరే హోసు. దాన్ని ముందే సగం కోసి ఉంచారు. ఇంత బరువు వెనకున్న బండికి దిగుడులో వెనక బ్రేకు పోతే ఇంక ఏం ఆగుతుంది? తర్వాత ఆ కోసిన హోసు మీకు కనపడకూడదు కాబట్టి, కొత్తది బిగించారు. బండి అప్పటికే ఒరిగి ఉంది, ఆ ఒరిగినదానికి కొలిచి వేశారు."

"ఇదంతా మీ ఊహ. ఐజాకే పొట్టిది వేసి పొడుగుదని అబద్ధం చెప్పుండొచ్చు. దానిమీదా కాలవ బురదే ఉందిగా?"

దుర్గ హోసుమీది బురద గోటితో గీకి, అరచేతిలో వేసుకుని వెలుగులోకి తెచ్చింది. నల్లటి మట్టి. అందులో బంగారు రంగు పొట్టు మెరుస్తోంది. వడ్ల ఊక. సీఐ ఆ చేతివంక చూసి, తర్వాత తన బూట్లవంక చూసుకున్నాడు. మిల్లు ఆవరణలోని నల్లటి ఊక బురద అంచుల దాకా అంటి ఉంది.

దుర్గ మళ్ళీ కిందికి జరిగి, చేతిరుమాలుతో హోసుని ఈ చివరనుంచి ఆ చివరదాకా తుడిచింది. నల్లటి కొత్త రబ్బరు బయటపడింది. పై చివర, ఇనుప బిగింపు పక్కన తుడిస్తే రుమాలుకి వేరే రంగు అంటుకుంది.

నారింజ రంగు. నూనెతో కలిపిన సింధూరం. గుండ్రంగా, ఉంగరం వేలితో శ్రద్ధగా పెట్టిన బొట్టు.

మనిషిని చంపడానికి హోసు కోసినవాడు, నేరం దాచడానికి ఇంకో హోసు తెచ్చినవాడు, ఎవరికీ అనుమానం రాకుండా దానికి బురద పూసినవాడు, ఇంత జాగ్రత్తపరుడు కూడా కొత్త సామానుకి బొట్టు పెట్టకుండా బిగించలేకపోయాడు. ముందు బొట్టు పెట్టుకున్నాడు, ఆ తర్వాత బురద పూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఉన్న అలవాటు అది, చెయ్యి మనసుని అడిగి చెయ్యదు. ఆవిడకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. రుమాలు మడిచి పట్టుకుంది.

"ఐజాక్ బ్యాగులు చూడండి. రెంటి మీదా బొట్టు లేదు. అతను ప్రార్థన చేసుకుని బిగిస్తాడు," అంది బయటికొస్తూ. "లోవ తీసుకెళ్ళలేదనీ, పూజ చేయించలేదనీ చెప్పింది ఎవరు? అంటే ఇది పూజలో పెట్టిన బొట్టు కాదు. ఈ ఆవరణకి ఒక్కటే తాళం, ఒక్కటే చెవి అని చెప్పింది ఎవరు? గేటు తాళం మీద ఇదే సింధూరం ఉందండీ. మీరు భోంచేసి వచ్చేదాకా నేను చూసింది దాన్నే."

గణేష్‌బాబు నోట్లో తాంబూలం ఉమ్మేశాడు. "చెవి నేనే ఉంచుకోమన్నాను," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. అంతలోనే తేరుకున్నాడు. ఆ మాత్రం పోలీసు ఆయనలో ఉన్నాడు. "అతను ఇప్పుడు ఎక్కడున్నాడు?"

ఆ ప్రశ్న ఆయన అడక్కముందే దుర్గ వేళ్ళు ఫోను మీదున్నాయి. బుల్లెమ్మ నంబరు. మోగింది, మోగింది. ఎత్తితే చాలు తల్లీ అనుకుంది. చివరికి అవతల సైరన్ మోత మధ్య బుల్లెమ్మ గొంతు వినిపించింది. దుర్గ స్పీకరు పెట్టి, తన గొంతుని బలవంతాన మామూలుగా ఉంచుకుంది.

"ఎక్కడిదాకా వెళ్ళారండీ?"

"జగ్గంపేట దాటామండి. ఆయన బానే ఉన్నారు. ఇందాక నా చెయ్యి గట్టిగా నొక్కారు. ఏదో చెప్పబోయారు కూడానండి, మాస్కు అడ్డమై వినపళ్ళేదు." ఆవిడ గొంతులో రెండు రోజుల తర్వాత మొదటిసారి సంతోషం ఉంది.

గణేష్‌బాబు అప్పటికే జీపువైపు పరుగెత్తుతున్నాడు. తుని దగ్గర హైవే మీద అంబులెన్సు ఆపాలని వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. తుని ఇంకా చాలా దూరం ఉంది.

"జానకిరామ్ గారు ఎక్కడున్నారండీ?"

"ఇక్కడేనండి, మావయ్య తలకాడే. అంబులెన్సులో ఆక్సిజను తక్కువుందంట. దారిలో అయిపోతే ఎలా అని రాజమండ్రిలోనే కొత్త సిలిండరు తెచ్చి పెట్టాడు. వాడు ఏ కొత్త వస్తువైనా ఊరికే వాడడు కదా, దానికీ సింధూరం బొట్టు పెట్టుకుని మరీ ఎక్కించాడండి. ఇదుగో, ఇప్పుడే పాతది విప్పుతున్నాడు."

దుర్గ చేతిలో రుమాలు నలిగిపోయింది.

"బుల్లెమ్మ గారూ, నా మాట వినండి. అది మార్చనివ్వకండి. డ్రైవరుకి చెప్పి బండి పక్కకి ఆపించండి. జానకిరామ్ గారితో ఏమీ అనకండి, ముందు ఆపించండి."

"ఏంటండీ? ఈ మోతలో మీరేమంటున్నారో సరిగ్గా వినపట్టం లేదు," అంది బుల్లెమ్మ. "సిలిండరు గురించా? ఉండండమ్మా, మావాడికే ఇస్తున్నాను, వాడితో చెప్పండి."

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది.